పన్నెండేళ్లు లెక్కలు చెప్పాక ఇప్పుడు బీఈడీ ఎందుకు?

లెక్కల_టీచరమ్మ
కోనసీమలో ఒక ప్రైవేటు స్కూల్లో పన్నెండేళ్లుగా ఆరు నుంచి పది దాకా లెక్కలు చెప్తున్నాను. ఎమ్మెస్సీ మ్యాథ్స్. బీఈడీ లేదు. చేరేటప్పుడు ఎవరూ అడగలేదు. ఏటా టెన్త్ రిజల్ట్స్ వచ్చినప్పుడు మాత్రం ఫ్లెక్సీలో కుడివైపు కింద మూల నా ఫొటో కూడా వేసేవారు.

మొన్న కరెస్పాండెంట్‌గారు పిలిచి, "అమ్మా, ట్రైనింగ్ లేనివాళ్ల పేర్లు ఇక ఎక్కించలేం. ఏదో ఒక బీఈడీ తెచ్చుకోండి" అన్నారు. "తెచ్చుకోండి" అన్నారు, "చదవండి" అనలేదు. ఆ మాట దగ్గరే ఆగిపోయాను. బయటికి రాగానే మా ఆఫీసు కుర్రాడు ఒక నంబరిచ్చాడు. ఫోన్ చేస్తే అవతలాయన "కాలేజీకి రానక్కర్లేదు మేడమ్. రికార్డులు మేమే రాయించి పెడతాం, మీరు పరీక్షలకొస్తే చాలు" అని ప్యాకేజీ చెప్పాడు, తిరుపతి టూరు చెప్పినట్టు.

నా డౌటు ఇది. క్లాసుకి వెళ్లకుండా వచ్చే కాగితం లేనిదే నేను టీచర్ని కాకపోతే, ఆ కాగితం దేనికి గుర్తు? ఒకవేళ నిజంగానే అందులో సరుకుంటే, పన్నెండేళ్లలో నాకు తెలియనిది ఏముంది? ఊరికే తిట్టుకోవడం ఎందుకని అసలు ఈ రూలు ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఎందుకు వచ్చిందో రోజూ కొంచెం చదివి నోట్‌బుక్కులో రాసుకుంటున్నాను. తెలిసినవాళ్లు చెప్పండి. "రూలంటే రూలే" అనేవాళ్లు దయచేసి కాసేపు ఆగండి.

పూతరేకు
ఫ్లెక్సీలో కింద మూల ఫొటో అంటే మీరు నిజంగా పని చేసేవారే. పైన మధ్యలో ఉండేది కరెస్పాండెంట్‌గారూ, వారి బావమరిదీ.

బొమ్మూరు_బ్యాచ్
రూలు సంగతి నేను చెప్తాను, టీచర్ ట్రైనింగ్ ఇచ్చే బొమ్మూరు డైట్‌లో చదివాను కాబట్టి ఇది మాకు కంఠతా.

టీచర్ ట్రైనింగ్‌ని చూసే జాతీయ సంస్థ ఎన్సీటీఈ. దాని చట్టం 1993లో వచ్చింది, సంస్థ 1995లో మొదలైంది. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలు. అందులో 23వ సెక్షన్ టీచరుకి కనీస అర్హతలు ఉండాలంది. ఆ అర్హతలేమిటో ఎన్సీటీఈ 2010 ఆగస్టు 23న ప్రకటించింది. ఒకటి నుంచి ఐదుకి ఇంటర్ ప్లస్ డీఈఎల్ఈడీ (టీచర్ ట్రైనింగ్ డిప్లొమా, పాత టీటీసీ), ఆరు నుంచి ఎనిమిదికి డిగ్రీ ప్లస్ ట్రైనింగ్, ఇద్దరికీ టెట్ అనే అర్హత పరీక్ష. ఇది గవర్నమెంటు బడులకే అనుకుంటారు చాలామంది. ప్రైవేటుకీ వర్తిస్తుంది. తొమ్మిది, పదికి టెట్ లేదు గానీ బీఈడీ కావాలి.

అంటే టీచరమ్మగారూ, మీరు చేరేనాటికే రూలుంది. మీకు చెప్పలేదంతే.

లెక్కల_టీచరమ్మ
నాకు చెప్పలేదు సరే, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్లకి కూడా చెప్పలేదేమో. అలా ఎవరైనా వచ్చే రోజున నన్ను సెలవు పెట్టమనేవారు. అది సెలవనుకుని సంబరపడేదాన్ని.

కొబ్బరాకు
నేను సాఫ్ట్‌వేర్, అమలాపురం వాణ్ణి, ఉండేది హైదరాబాద్. నా ఓటు టీచరమ్మగారికే. మాకు లెక్కలు చెప్పినాయన డిగ్రీ ఫెయిల్. పాకలో ట్యూషన్, కింద ఇసుక, పైన కొబ్బరాకు. మా బ్యాచ్‌లో సగం మంది అమెరికాలో ఉన్నారు. ఆయనకి బీఈడీ ఉంటే ఇంకో సగం కూడా వెళ్లేవారా?

ఇంకోటి. ఇంటర్ చెప్పే జూనియర్ లెక్చరర్‌కి పీజీ ఉంటే చాలు, బీఈడీ అడగరు. ఇంజనీరింగ్ కాలేజీలోనూ అడగరు. కాలిక్యులస్ చెప్పేవాడికి అక్కర్లేనిది కసాగు చెప్పేవాడికి ఎందుకో ఎవరైనా వివరిస్తే వింటాను.

చెరువుగట్టు
కొబ్బరాకు బాబూ, ఆ పాకలో నేనూ కూర్చున్నాను, అదే కాకపోతే అలాంటిదే. రెండో నెలకి మానేశాను. చెప్పింది అర్థం కాక అడిగితే "నీ బుర్రలో రొయ్యలు మేస్తున్నాయిరా" అన్నాడు. ఇప్పుడు నిజంగానే రొయ్యలు మేపుతున్నాను, అది వేరే సంగతి. అమెరికా వెళ్లిన సగం మందిని నువ్వు లెక్కేశావు. మధ్యలో లేచిపోయిన మమ్మల్ని ఎవరు లెక్కేశారు? ట్యూషన్‌కి వచ్చేది లెక్కలు వచ్చేవాళ్లే. బడికి అందరూ వస్తారు.

కొబ్బరాకు
సత్యం. ఆయ్, ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. లెక్చరర్ సంగతి మాత్రం వదలను.

పాత_హెడ్మాస్టరు
కొబ్బరాకు గారి రెండో ప్రశ్నకి నా అనుభవం చెబుతాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

1978లో ఒక లంక గ్రామంలో ఎయిడెడ్ బడిలో అన్‌ట్రైన్డ్‌గా చేరాను. డిగ్రీలో లెక్కలు నావి, ఫస్టు క్లాసు. ఉదయం రేవులో పడవెక్కి వెళ్లి సాయంత్రం పడవలో రావడం. మూడో తరగతి ఇచ్చారు. మూడో తరగతి లెక్కలు నాకొక లెక్కా అనుకున్నాను.

ఒక కుర్రాడు ఉండేవాడు. 42లోంచి 17 తీసెయ్యమంటే 35 అని రాసేవాడు. ప్రతిసారీ అంతే. "తప్పు, మళ్లీ చెయ్యి" అనేవాణ్ణి. మళ్లీ 35. నేను బోర్డు మీద చేసి చూపించేవాణ్ణి: రెండులోంచి ఏడు పోదు, పక్కింట్లో అప్పు తెచ్చుకో, పన్నెండులోంచి ఏడు పోతే ఐదు. బుర్రూపేవాడు. పలకమీద మళ్లీ 35. చెంప మీద కొట్టాను కూడా. దాచుకోవడమెందుకు.

తరవాత టీటీసీకి వెళ్లాను. అక్కడ మా మెథడ్స్ మాస్టారు మా చేత ఒక పని చేయించారు. పిల్లవాడి తప్పు చూసి, ఆ తప్పు రావాలంటే వాడు ఏం చేసి ఉంటాడో మమ్మల్ని రాయమనేవారు. ఒప్పు కాదు, తప్పుకి పద్ధతి రాయాలి. అప్పుడు వెలిగింది నాకు. ఆ కుర్రాడు ఏడులోంచి రెండు తీశాడు, ఐదు. నాలుగులోంచి ఒకటి తీశాడు, మూడు. 35. పెద్దదాన్లోంచి చిన్నది తియ్యాలని ఒకటో తరగతిలో నేర్పారు, వాడు అదే బుద్ధిగా పాటిస్తున్నాడు. నేను తప్పంటే వాడికి అర్థం కాలేదు, ఎందుకంటే వాడు చెప్పినట్టే చేస్తున్నాడు.

ట్రైనింగయ్యాక అదే బడికి వచ్చాను. కొబ్బరి ఈనెలు ఏరించి, పదేసి చొప్పున నారతో కట్టలు కట్టించాను. నాలుగు కట్టలు, రెండు విడి ఈనెలు. "పదిహేడు ఇవ్వరా" అన్నాను వేరే కుర్రాడితో. రెండే విడిగా ఉన్నాయి. అటూ ఇటూ చూశాడు. "కట్ట విప్పనా మేష్టారూ?" అన్నాడు. ఆ విప్పడమే అప్పు తెచ్చుకోవడం. పక్కింటికి వెళ్లక్కర్లేదు.

మొదటి కుర్రాడు అప్పటికే బడి మానేశాడు. పడవ నడిపేవాడు. నన్ను రోజూ వాడే దాటించేవాడు.

కాలిక్యులస్ చెప్పేవాడి ముందు కూర్చునేవాడు వడపోతలన్నీ దాటి వచ్చినవాడు. మూడో తరగతిలో ఎవరినీ వడపోయలేదు. పిల్లవాడు ఎంత చిన్నవాడైతే, చెప్పే విద్య అంత ఎక్కువ కావాలి.

పూతరేకు
"నన్ను రోజూ వాడే దాటించేవాడు" దగ్గర చదవడం ఆపేశాను మాస్టారూ. టీ పెట్టుకుని వచ్చి మళ్లీ చదివాను.

లెక్కల_టీచరమ్మ
మాస్టారూ, మీ పోస్టు నోట్‌బుక్కులో ఎక్కించాను. నేనూ "పక్కింట్లో అప్పు" అనే చెప్తాను. పన్నెండేళ్లుగా. తప్పుకి పద్ధతి రాయడం అనేది ఎప్పుడూ తోచలేదు, ఎర్రపెన్నుతో ఇంటూ కొట్టి వెళ్లిపోవడమే. సోమవారం ఆరో తరగతి పిల్లలకి తీసివేతలు ఇచ్చి చూస్తాను. అయినా ఒక మాట: మీ మెథడ్స్ మాస్టారులాంటివారు ఆ ప్యాకేజీ కాలేజీలో ఉంటారా?

చిన్న_స్కూలు_పెద్ద_అప్పు
నేను కరెస్పాండెంట్ వైపు. తిట్టండి, పర్లేదు, అలవాటే.

బీఈడీ, టెట్ రెండూ ఉన్నవాళ్లని తెస్తే వాళ్లు మా దగ్గర ఉండేది డీఎస్సీ, అంటే గవర్నమెంటు టీచరు పోస్టుల పరీక్ష, పడేదాకానే. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు వేశారు కదా, అందులో మా స్కూలు నుంచే ముగ్గురు వెళ్లిపోయారు, సగం సిలబస్‌లో. స్వీట్లు పంచి మరీ వెళ్లారు. నేనూ తిన్నాను, ఏం చేస్తాను. టీచరమ్మగారి లాంటివాళ్లు ఉంటేనే ఊళ్లలో స్కూళ్లు నడుస్తున్నాయి. పల్లెటూరి ఫీజులతో ట్రైన్డ్ టీచర్ని నిలబెట్టుకోవడం ఎలాగో రూలు రాసినవాళ్లు చెప్పలేదు.

బొమ్మూరు_బ్యాచ్
జీతం పెంచి చూశారా అండీ ఎప్పుడైనా?

చిన్న_స్కూలు_పెద్ద_అప్పు
నా హ్యాండిల్ మళ్లీ చదవండి.

తొంభైఆరు_డీఎస్సీ
మీరందరూ బీఈడీ గురించి బాధపడుతున్నారు. నాకు ట్రైనింగుంది, ముప్పై ఏళ్ల సర్వీసు ఉంది. ఇప్పుడు టెట్ రాయమంటున్నారు.

2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది కదా. సర్వీసు ఐదేళ్ల కంటే ఎక్కువ మిగిలి ఉంటే రెండేళ్లలో టెట్ పాసవ్వాలి, లేకపోతే ఉద్యోగం వదులుకోవాలి. ఐదేళ్లలోపు ఉన్నవాళ్లు అలాగే రిటైరవ్వచ్చు గానీ, ప్రమోషన్ కావాలంటే టెట్ ఉండాల్సిందే. నాకు ఏడేళ్లకి పైనే ఉంది. ఇంకో మూడేళ్లు ముందు పుట్టించనందుకు మా అమ్మని అడగలేను కదా.

మా అమ్మాయి డీఈఎల్ఈడీ. రాత్రి అన్నాలయ్యాక ఇద్దరం ఒకే గైడు ముందు పెట్టుకుని కూర్చుంటున్నాం. 150 ప్రశ్నలు, రెండున్నర గంటలు. శిశు వికాసం ముప్పై మార్కులు. మొన్న మనస్తత్వవేత్త పియాజే చెప్పిన దశల వయసులు తప్పు చెప్పానని నన్ను గోడకుర్చీ వెయ్యమంది. ఆవిడకి అ ఆలు దిద్దించింది నేనే.

పూతరేకు
గోడకుర్చీ వేయించడం విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం నిషేధం. మీ అమ్మాయిగారి మీద కేసు పెట్టండి.

తొంభైఆరు_డీఎస్సీ
చట్టం పద్నాలుగేళ్ల లోపు వాళ్లకేనట. అదీ ఆవిడే చెప్పింది.

అంకెలరాయుడు
అసలు కాగితానికీ పిల్లల మార్కులకీ సంబంధం ఉందా అని పరిశోధనలు జరిగాయి. ఒకటి మన రాష్ట్రంలోనే. కార్తీక్ మురళీధరన్, వెంకటేష్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో 100 గవర్నమెంటు బడులకి అదనంగా ఒక్కో కాంట్రాక్టు టీచర్ని ఇచ్చి రెండేళ్లు చూశారు. ఆ టీచర్లకి చదువు తక్కువ, ట్రైనింగ్ తక్కువ, జీతం రెగ్యులర్ వాళ్లలో ఐదో వంతు కూడా లేదు. అయినా ఆ బడుల పిల్లలు మిగతా బడుల కంటే మెరుగ్గా రాశారు. రెగ్యులర్ టీచర్ల గైర్హాజరు 27 శాతం, కాంట్రాక్టు వాళ్లది 18. న్యూయార్క్‌లో కూడా సర్టిఫికెట్ ఉన్న, లేని టీచర్లని పోల్చి 2008లో పేపరు వేశారు. రెండు గుంపుల మధ్య తేడా చాలా తక్కువ. ఒకే గుంపులో మంచి టీచరుకీ చెడ్డ టీచరుకీ మధ్య తేడా చాలా ఎక్కువ.

కాబట్టి టీచరమ్మగారి నోట్‌బుక్కులో ఇది కూడా ఎక్కాలి.

కొబ్బరాకు
నేను మొదటి రోజే చెప్పాను!

బొమ్మూరు_బ్యాచ్
రాయుడుగారూ, వాళ్లదే ఇంకో స్టడీ ఉంది కదా, టీచర్లకి బోనస్ ఇచ్చి చూసింది. మామూలు బడుల్లో ట్రైనింగున్న టీచరుకీ లేని టీచరుకీ తేడా కనపడలేదు. బోనస్ ఇచ్చిన బడుల్లో మాత్రం ట్రైనింగున్నవాళ్ల పిల్లలు ముందుకెళ్లారు. అంటే నేర్చుకున్నది లోపల ఉంది, బయటికి తియ్యట్లేదు. ఇది చెప్పకుండా సగమే చెప్తే ఎలా?

అంకెలరాయుడు
ఒప్పుకుంటున్నాను. అది కూడా చెప్పాల్సింది.

చెరువుగట్టు
గైర్హాజరు సంగతి నేను చెప్తా, పరిశోధన అక్కర్లేదు. మా లంకలో కాంట్రాక్టు టీచరు, అదే విద్యా వాలంటీరు, మా పక్కింటి అమ్మాయే. బడికి రాకపోతే వాళ్లమ్మ అడుగుద్ది, ఊరంతా అడుగుద్ది. రెగ్యులర్ మేష్టారు కాకినాడ నుంచి రావాలి. బస్సు, ఆటో, పడవ. గోదారి పోటెత్తితే ఆయన అవతలి ఒడ్డునే. 2022 జూలై వరదకి బడిలోకే నీళ్లొచ్చాయి, రోజుల తరబడి ఎవరూ రాలేదు. అది ఆయనకి డిగ్రీ ఎక్కువై కాదు, దూరం ఎక్కువై.

రాజమండ్రి_రైలు
చరిత్ర వైపు నుంచి కొంచెం. టీచరుకి ట్రైనింగ్ అనే మాట మనకి తెల్లవాళ్లు తెచ్చారనుకుంటాం. సగమే నిజం. పద్దెనిమిదో శతాబ్దం చివర ఆండ్రూ బెల్ అనే మతాధికారి మద్రాసు ఎగ్మోరులో అనాథ పిల్లల బడి చూసుకునేవాడు. మన వీధి అరుగు బడిలో పిల్లలు ఇసుకలో వేలితో దిద్దుతుంటే, ముందు నేర్చుకున్నవాడు వెనకవాడికి చెప్పడం చూశాడు. ఆ పద్ధతే తన బడిలో పెట్టి, 1797లో లండన్‌లో పుస్తకం వేశాడు. మద్రాసు పద్ధతి అని ఇంగ్లాండంతా పాకింది. పిల్లల చేత పిల్లలకి చెప్పిస్తే చాలదు, నేర్పేవాడికే నేర్పాలని తరవాత అనుకున్నారు. 1854లో కంపెనీ సర్కారు విద్యా విధానపు ఉత్తరం, ఉడ్స్ డిస్పాచ్, ప్రతి ప్రెసిడెన్సీలో ఉపాధ్యాయ శిక్షణ బడులు పెట్టమంది. 1856లో మద్రాసులో పెట్టారు, అదే తరవాత సైదాపేట కాలేజీ. మన రాజమండ్రిలో ట్రైనింగ్ కాలేజీ 1894లో వచ్చింది.

మనం టీచర్స్ డే జరుపుకునే సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు కూడా సైదాపేటలో ట్రైనింగ్ చేసినవారే. తరవాత రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీలోనూ పాఠాలు చెప్పారు. ఎంఏ ఫిలాసఫీ ఉందిగా నాకెందుకు అని ఊరుకోలేదు. సర్కారు ఊరుకోనివ్వలేదనుకోండి.

చెరువుగట్టు
మన ఇసుక మీద దిద్దుళ్లు లండన్ దాకా వెళ్లాయన్నమాట. ఇప్పుడు దిద్దడానికి ఇసుకేది, లారీల్లో వెళ్లిపోయింది.

ఇద్దరు_పిల్లల_తల్లి
ఎప్పుడూ చదవడమే, ఇవాళ రాస్తున్నాను. మా చిన్నది ఎడంచేతి వాటం. ఎల్‌కేజీలో చేర్చిన చోట ఇంటర్ పాసైన అమ్మాయి టీచరు, పట్టుమని ఇరవై ఏళ్లుండవు. పెన్సిల్ ఎడంచేత్తో పడితే చేతి మీద స్కేలు. చెడ్డ పిల్ల కాదు ఆ అమ్మాయి, ఇంట్లో తనకి చెప్పిందే తను చేస్తోంది. మా చిన్నది ఆరు నెలల పాటు రాత్రిళ్లు పక్క తడిపింది. ఊళ్లో మండల పరిషత్ బడికి మార్చాక అక్కడి మేడమ్ మొదటి రోజే చూసి ఏమీ అనలేదు. పక్కనున్న పిల్లాడి మోచెయ్యి తగలకుండా దాన్ని బెంచీకి ఎడమ చివర కూర్చోబెట్టారు, అంతే. ట్రైనింగ్ అంటే ఇదేనేమో అనుకున్నాను.

రెండో_బెంచీ
అమ్మా, నన్ను ఎడంచేతికి కొట్టినాయన బీఈడీ గోల్డ్ మెడల్. మా హైస్కూలు గోడ మీద ఫొటో కూడా ఉంది.

బొమ్మూరు_బ్యాచ్
చిన్నపిల్లల సంగతి వచ్చింది కాబట్టి: 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు, ప్రైమరీ పిల్లలకి చెప్పడానికి బీఈడీ కూడా పనికిరాదని, డీఈఎల్ఈడీయే కావాలని చెప్పింది. 2018లో ఎన్సీటీఈ బీఈడీ వాళ్లని కూడా ఎస్జీటీకి, అంటే ప్రైమరీ టీచరు పోస్టుకి, అనుమతించింది, దాన్ని కొట్టేశారు. హెడ్మాస్టారు చెప్పిందే కోర్టు చెప్పినట్టయింది.

రెండో_బెంచీ
కోర్టు చెప్పింది మాకు తెలుసు లెండి. బీఈడీ చేసి ఎస్జీటీకి ప్రిపేరై రోడ్డున పడ్డవాళ్లలో నేనొకణ్ణి. మీ డైట్ వాళ్లు ఆ రోజు స్వీట్లు పంచుకున్నారు.

బొమ్మూరు_బ్యాచ్
పంచుకున్నాం. పై తరగతుల స్కూల్ అసిస్టెంట్ పోస్టులు మొత్తం మీకే ఉన్నాయి కదా, మాకు మిగిలిందల్లా ఆ ఐదు తరగతులే.

రెండో_బెంచీ
సరే, దాచుకోను. నాది టీచరమ్మగారికి చెప్పిన ప్యాకేజీ బీఈడీయే. కాలేజీ చూసింది మూడుసార్లు. 2014 రూల్స్ ప్రకారం కోర్సు రెండేళ్లయింది, అందులో ఇరవై వారాలు బడిలో ఇంటర్న్‌షిప్ ఉండాలి. నా ఇరవై వారాలూ ఒక రిజిస్టరులో ఒకే పెన్నుతో ఒకే రోజు జరిగాయి. పాఠ్య పథకాలు రాసినాయనకి పేజీకింత. చేతిరాత నాకంటే బాగుంది.

తరవాత ఒక ప్రైవేటు స్కూల్లో ఎనిమిదో తరగతి సోషల్ ఇచ్చారు. పది నిమిషాల్లో నా దగ్గరున్న సరుకు అయిపోయింది. ఇంకా ముప్పై ఐదు నిమిషాలుంది. యాభై మంది నన్నే చూస్తున్నారు. పుస్తకం తీసి పైకి చదవమన్నాను. రెండేళ్లు అదే చేశాను, చదివించడం. టీచరమ్మగారూ, ఆ నంబరు చింపెయ్యండి. మీకు కాగితం లేదు గానీ పని వచ్చు. నాకు తిరగేసి.

అంకెలరాయుడు
ఇది మీ ఒక్కరి కథ కాదు. 2012లో సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ వర్మ కమిషన్ టీచర్ ట్రైనింగ్ కాలేజీల మీద రిపోర్టు ఇచ్చింది. పదివేల పైచిలుకు విడి కాలేజీల్లో ఎక్కువ శాతం శిక్షణ జోలికే పోవట్లేదని, డిగ్రీలు అమ్ముకుంటున్నాయని 2020 జాతీయ విద్యా విధానంలోనే ఆ కమిషన్ పేరు చెప్పి రాశారు. అందుకే డిగ్రీ, బీఈడీ కలిపి నాలుగేళ్ల ఇంటిగ్రేటెడ్ బీఈడీ అంటున్నారు.

నిర్వాహకులు
పైన ఒక సభ్యుడు "అటెండెన్స్ లేకుండా బీఈడీ, గ్యారంటీ" అని ఫోన్ నంబరుతో పోస్టు పెట్టారు. తీసేశాం. ఇంత చదివాక కూడా పెట్టారంటే ధైర్యం మెచ్చుకోవాలి.

పూతరేకు
చదివి ఉండరండి. వాళ్లదీ అటెండెన్స్ లేకుండానే.

చిన్న_స్కూలు_పెద్ద_అప్పు
టీచరమ్మగారూ, డిస్టెన్స్‌లో చెయ్యచ్చు కదా? ఉద్యోగం వదలక్కర్లేదు.

బొమ్మూరు_బ్యాచ్
కుదరదండి. దూరవిద్య బీఈడీ అప్పటికే ఒక ట్రైనింగున్న టీచర్లకే. ఆవిడకి డీఈఎల్ఈడీ లేదు. అప్పట్లో ట్రైనింగ్ లేకుండా పనిచేస్తున్నవాళ్ల కోసం 2017లో చట్టం మార్చి 2019 మార్చి 31 దాకా గడువిచ్చారు, జాతీయ ఓపెన్ స్కూల్ ఎన్ఐఓఎస్‌లో పద్దెనిమిది నెలల డిప్లొమా పెట్టారు. దేశమంతా లక్షల మంది చేశారు. ఆ బండి ఎప్పుడో వెళ్లిపోయింది. ఇప్పుడు బీఈడీ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్ రాసి రెగ్యులర్‌గా రెండేళ్లు చదవాల్సిందే.

లెక్కల_టీచరమ్మ
ఆ బండి మా స్కూలు ముందు నుంచే వెళ్లిందన్నమాట. స్టాఫ్ రూములో ఒక్కరూ అనలేదు.

వారం పట్టింది, చెప్తాను. సోమవారం ఆరో తరగతికి పది తీసివేతలు ఇచ్చాను. 38 మందిలో ఏడుగురు మాస్టారు చెప్పిన తప్పే చేశారు, ఏడులోంచి రెండు తీశారు. ఆరో తరగతిలో! ఐదేళ్లుగా ఎవరో ఒకరు ఇంటూ కొడుతూనే వచ్చారు. అందులో నేనూ ఉన్నాను.

అసలు దెబ్బ పదో తరగతిలో తగిలింది. ఒకమ్మాయి ఎప్పుడూ 2ఎక్స్ ప్లస్ 3ని 5ఎక్స్ అని రాస్తుంది. ఎన్నిసార్లు కొట్టేశానో. ఈసారి పక్కన కూర్చుని, "ఎందుకలా రాశావమ్మా?" అన్నాను. ముందు భయపడి "సారీ టీచర్" అని చెరిపెయ్యబోయింది. చెయ్యి పట్టుకున్నాను. "చెరపకు, చెప్పు." అప్పుడంది: "ప్లస్ ఉందంటే కలపమనే కదా టీచర్. కలపకుండా వదిలేస్తే జవాబు రానట్టు కదా." ప్లస్ గుర్తు కనపడితే ఏదో ఒక అంకె తేల్చాలని ఒకటో తరగతి నుంచి మనమే నేర్పాం. 2ఎక్స్ ప్లస్ 3 అనేదే జవాబు కావచ్చని నేనెప్పుడైనా చెప్పానా అని ఆలోచిస్తే, చెప్పలేదు. నాకది చెప్పాల్సిన విషయంలాగే కనపడలేదు. ఎమ్మెస్సీ చేసినదానికి ఎలా కనపడుతుంది?

పాత_హెడ్మాస్టరు
అమ్మా, మీరు అడిగారే ఆ ఒక్క ప్రశ్న, "ఎందుకలా రాశావు" అని. నేను చెంప మీద కొట్టిన చోట అది అడగాల్సింది.

కొబ్బరాకు
నా పిల్లాడికి ఫోన్‌లో లెక్కలు చెప్తుంటాను రోజూ. ఇవాళ మొదటిసారి తప్పు దిద్దకుండా అడిగాను. పావుగంట చెప్పాడు. సగం నాకు అర్థం కాలేదు గానీ వాడికి మాత్రం మహా సంతోషం.

రెండో_బెంచీ
టీచరమ్మగారూ, మరి ఎడ్‌సెట్ రాస్తున్నారా?

లెక్కల_టీచరమ్మ
రాస్తున్నాను. కాలేజీకి నిజంగా వెళ్లాల్సిన చోటే పెట్టుకుంటాను. రెండేళ్లు జీతం లేకుండా ఎలాగన్నది ఇంకా తేలలేదు. మా ఆయన ఈ పంట రొయ్య బాగుంటే చూద్దాం అన్నారు. చెరువుగట్టు గారికి తెలుసు ఆ మాటకి అర్థం. కరెస్పాండెంట్‌గారు మాత్రం "ఆ నంబరుకి చేస్తే అయిపోయేదానికి ఇంత రాద్ధాంతమా" అన్నారు. నోట్‌బుక్కులో ఆయన మాట కూడా రాసుకున్నాను.

చెరువుగట్టు
ఈ పంట రొయ్య బాగుంటే అంటే నాకు తెలిసిన అర్థం: ఇంకో దారి కూడా చూసి ఉంచుకోండి.

తొంభైఆరు_డీఎస్సీ
మెథడాలజీలో డౌట్లుంటే అడగండి. మా అమ్మాయి చెప్తుంది.

పాత_హెడ్మాస్టరు
ఆ ఏడుగురికీ ఈనెలు ఇచ్చారా అమ్మా?

లెక్కల_టీచరమ్మ
ఇచ్చాను మాస్టారూ. మనిషికి ఐదు కట్టలు, ఏడుగురికి మూడు వందల యాభై ఈనెలు. నలుగురు పట్టేశారు, ముగ్గురికి ఇంకా పడాలి. ఇంట్లో కొత్త చీపురు సగానికి సగం పలచబడింది. పనమ్మాయి పట్టుకెళ్లిందని మా అత్తగారు రెండు రోజులుగా అనుమానిస్తున్నారు, ఇంకా చెప్పలేదు.